పసిచేతిలోని బొమ్మ, పెద్దల నోటి మాట

(అంగన్‌వాడీ కార్యకర్తల, పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయినుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి నా ప్రసంగ విషయం వినడానికి అతి స్వల్పమైనదిగా తోచవచ్చు. నాలుగేళ్ల పిల్లవాడు చెక్కబండితో ఆడుకుంటున్నాడు. భోజనవేళ అయింది. “బండి ఇలా ఇచ్చి, చేతులు కడుక్కుని రా నాన్నా” అంటాము. వాడు ఇవ్వడు. బండిని గుండెలకు హత్తుకుంటాడు, వీపు వెనుక దాచుకుంటాడు, లేదా దానితో సహా పరుగు లంకించుకుంటాడు. సమస్య ఇంతే. కాని ఒక కేంద్రంలో ఈ ఘట్టం రోజుకు ఎన్నిసార్లు జరుగుతున్నదో లెక్కించి చూడండి. ఆట ముగిసి పాట మొదలయ్యేటప్పుడు, భోజనానికి లేచేటప్పుడు, నిద్రకు ఉపక్రమించేటప్పుడు, ఇంటికి పోయేటప్పుడు, తోటి పిల్లవాని వంతు వచ్చినప్పుడు, ఇన్ని సందర్భాలలోనూ పసివాని చేతి నుండి ఒక వస్తువు విడివడవలసి ఉంటుంది. ఏడాది పొడవునా సాగే ఈ పాఠానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. అయినా పిల్లవాడు దీని నుండి ఏదో ఒకటి నేర్చుకుని తీరుతాడు. వస్తువు బలవంతునిదే అని నేర్చుకోవచ్చు. లేదా మాటకు విలువ ఉన్నదని నేర్చుకోవచ్చు. ఈ రెండింటిలో ఏది నేర్చుకుంటాడన్నది ప్రధానంగా మన నడవడిపై ఆధారపడి ఉన్నది. నేను చెప్పదలచినది ఈ ఒక్క విషయమే.

పిల్లవాడు ఎందుకు ఇవ్వడు?

పిల్లవాడు ఇవ్వకపోతే మనం వెంటనే “మొండివాడు” అంటాము. ఈ మాట చాలావరకు అన్యాయమైనది. మూడు నుండి ఐదేళ్ల వయస్సులో కోరికను అణచుకునే శక్తి ఇంకా మొలక దశలోనే ఉంటుంది. చేస్తున్న పనిని ఆపి మరొక పనికి మళ్లించే పనిలో మెదడు ముందుభాగానికి ప్రధానమైన పాత్ర ఉన్నది. ఆ భాగం యౌవనం దాటేవరకు ఎదుగుతూనే ఉంటుంది. కాలజ్ఞానం కూడా వానికి ఇంకా ఏర్పడలేదు. “రేపు ఇస్తాను”, “పది నిమిషాల తరువాత” అనే మాటలు మనకు వాగ్దానాలు, వానికి శబ్దాలు. చేతిలో ఉన్నది ఉన్నట్లు, చేయి దాటినది లేనట్లు అన్నదే వాని లెక్క.

ఇంకొక కారణం మన ప్రవర్తనలోనే ఉన్నది. పిల్లవాడు బొమ్మ ఇచ్చిన తరువాత ఏమి జరుగుతున్నదో గమనించండి. బొమ్మ బీరువాలోకి పోతుంది, తాళం పడుతుంది, ఆట ముగుస్తుంది. “ఇవ్వు” అనే మాట వెనుక ప్రతిసారీ నష్టమే వస్తూ ఉంటే, ఆ మాట విన్నంతనే పిడికిలి బిగించడం తెలివితక్కువతనం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఇండ్లలో మనకు మరొక అలవాటు ఉన్నది. బొమ్మను లాగి దాచి, “కాకి ఎత్తుకుపోయింది” అంటాము. పిల్లవాడు కొంతకాలం నమ్ముతాడు. తరువాత ఒకనాడు అదే బొమ్మ అటక మీద కనిపిస్తుంది. ఆనాడు వాడు కాకిని గూర్చి కాదు, మనలను గూర్చి ఒక నిర్ణయానికి వస్తాడు. బూచివాడు వస్తాడనీ, పోలీసు పట్టుకుపోతాడనీ బెదిరించడం కూడా ఈ కోవలోనిదే. భయం ఆనాటికి పని జరిపిస్తుంది, మరునాటికి మన మాట బలాన్ని తగ్గిస్తుంది.

మార్గదర్శకులు చూపిన దారి

ఈ ప్రశ్నను మన దేశంలో పెద్దలు చాలాకాలం క్రితమే ఆలోచించారు. 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరాన్ని నెలకొల్పిన గిజుభాయి బధేకా, బెత్తంతో పసివారిని లొంగదీసే పద్ధతిని జీవితాంతం వ్యతిరేకించారు. గుజరాత్ ప్రజలు ఆయనను “మీసాలున్న అమ్మ” అని ప్రేమతో పిలుచుకున్నారు. ఆయన సహచరి తారాబాయి మోడక్ తరువాతి కాలంలో మహారాష్ట్ర తీరప్రాంతంలోని బోర్డీలోనూ, ఆపైన కోస్‌బాడ్‌లోనూ గిరిజన శిశువుల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి వాకిటికి వెళ్లాలన్న ఆమె ఆలోచన నుండి “అంగన్‌వాడీ” అనే మాటకు ప్రాణం వచ్చింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ మాటను దేశమంతటా పల్లెపల్లెకూ చేర్చింది.

1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో మన విషయానికి నేరుగా సంబంధించిన అంశమొకటి ఉన్నది. ఆమె తరగతి గదిలో సాధారణంగా ఒక్కొక్క ఉపకరణం ఒక్కటే ఉంటుంది. అది అందరికీ అందే ఎత్తులో, తన నిర్ణీత స్థానంలో ఉంటుంది. కావలసిన పిల్లవాడు తీసుకుంటాడు, పని ముగియగానే తిరిగి అక్కడే పెడతాడు. రెండవ పిల్లవాడు అంతవరకు వేచి ఉంటాడు. ఒకే వస్తువు ఉండడం పొదుపు కోసం కాదు. వేచి ఉండడం, తిరిగి పెట్టడం అనే రెండు గుణాలను ఆ ఏర్పాటే నేర్పుతుంది. ఇక్కడ పిల్లవాడు వస్తువును పెద్దల చేతికి ఓడిపోయి అప్పగించడం లేదు, దాని చోటికి దానిని చేరుస్తున్నాడు. ఈ తేడా చిన్నది కాదు. బొమ్మల బీరువాకు తాళం వేసి ఉంచే కేంద్రంలో “ఇవ్వు” అంటే “పోగొట్టుకో” అని అర్థం. అందే ఎత్తులో అలమర ఉన్న కేంద్రంలో “పెట్టిరా” అంటే “రేపు మళ్లీ ఇక్కడే ఉంటుంది” అని అర్థం.

పరిశోధనలు ఏమంటున్నవి?

శిశు ప్రవర్తనను శ్రద్ధగా కొలిచి చూసిన వారి అనుభవం కూడా మనకు ఉపకరిస్తుంది. అమెరికాలో 1988లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో ఒక సులభమైన ఉపాయాన్ని పరీక్షించారు. కష్టంగా తోచే పని చెప్పడానికి ముందు, తప్పక చేస్తారని తెలిసిన చిన్నచిన్న పనులు వరుసగా మూడో నాలుగో చెప్పడం, చేసిన ప్రతిసారీ మెచ్చుకోవడం, ఆ ఊపులోనే అసలు పని చెప్పడం ఆ ఉపాయం. మొదట దీనిని మేధో వైకల్యం గల వయోజనులతో పరీక్షించారు. తరువాతి పరిశోధకులు దానిని చిన్నపిల్లలకు వర్తింపజేశారు. బొమ్మను ఇవ్వమనడం వంటి ఆజ్ఞలు కూడా ఆ పరీక్షలలో చోటు చేసుకున్నవి. 2008లో వెలువడిన ఒక అధ్యయనం ఇందులోని కీలకాన్ని చూపింది. చిన్న పనులు చేసినందుకు మెప్పుగాని, మరొక సంతోషంగాని దొరికినప్పుడే ఈ ఉపాయం ఫలించింది; ఉత్త ఆజ్ఞల వరుస వల్ల ఫలితం రాలేదు.

2010లో వచ్చిన మరి రెండు అధ్యయనాలు మనకు అలవాటైన రెండు పద్ధతులను పరీక్షించినవి. మొదటిది ముందుగా హెచ్చరించడం: “ఇంకొక్క నిమిషంలో బొమ్మ ఇవ్వాలి సుమా” అనడం. రెండవది కారణం వివరించడం: “బొమ్మ ఎందుకు ఇవ్వాలంటే...” అని బోధించడం. పూర్వ ప్రాథమిక వయస్సు పిల్లలలో ఈ రెండూ ఒంటరిగా పెద్దగా పనిచేయలేదని తేలింది. ఇవి కొద్దిమంది పిల్లలతో జరిగిన పరీక్షలు కాబట్టి ప్రపంచంలోని పసివారందరికీ ఇదే శాసనం అనరాదు. హెచ్చరించడం, వివరించడం మర్యాద గల పనులు. వాటిని మానవలసిన అవసరమూ లేదు. అయితే ఆజ్ఞకు ముందు మనం ఎంతసేపు మాట్లాడామన్నదాని కంటె, ఆజ్ఞ తరువాత ఏమి జరిగిందన్నదే పిల్లవానికి ముఖ్యమని మనం గ్రహించాలి.

ఆచరణలో ఎట్లా?

మొదట దగ్గరకు వెళ్లండి. గది ఆ మూల నుండి కేకవేసి చెప్పిన మాట పిల్లవానికి చెప్పినట్లు కాదు, గాలికి చెప్పినట్లు. వాని ఎత్తుకు వంగి, పేరుతో పిలిచి, కళ్లు కలిసిన తరువాతనే చెప్పండి.

రెండవది, చిన్న పనులతో ఆరంభించండి. “నీ ముక్కు చూపించు. భలే! చప్పట్లు కొట్టు. బాగుంది! నా చేతి మీద ఒకటి వేయి. శభాష్! ఇక బండి నా చేతిలో పెట్టు.” ఇది ఆటగా సాగాలి, కవాతుగా కాదు. అసలు మాటకూ అంతకు ముందరి మెప్పుకూ నడుమ ఎక్కువ ఎడం ఉండరాదు.

మూడవది, చెప్పదలచినదానిని ఒక్క చిన్న వాక్యంలో చెప్పండి. “బండి ఇస్తావా?” అనేది ప్రశ్న. “ఇవ్వను” అనడం దానికి న్యాయమైన సమాధానమే. ఇవ్వక తప్పని సందర్భంలో ప్రశ్నించకూడదు. “బండి నా చేతిలో పెట్టు” అని మెత్తగా, స్పష్టంగా చెప్పి అరచేయి చాచండి. తరువాత మౌనంగా కొద్ది క్షణాలు ఆగండి. ఆ మౌనంలోనే పిల్లవాడు తన కోరికతో పోరాడుతున్నాడు. మళ్లీమళ్లీ చెప్పి వాని పోరాటానికి అడ్డు రావద్దు.

నాలుగవది, ఇవ్వకపోతే మరొకసారి చేతితో చూపుతూ చెప్పండి. అప్పటికీ ఇవ్వకపోతే వాని చేతిపై మన చేయి వేసి, నొప్పి కలగకుండా, కోపం లేకుండా, బొమ్మను అలమర వరకు ఇద్దరూ కలిసి చేర్చండి. లాగుకోవడానికీ చేయి పట్టి నడిపించడానికీ ఉన్న భేదం పిల్లవానికి బాగా తెలుస్తుంది. వాడు పెనుగులాడితే ఆ పట్టు విడవండి; పక్కన కూర్చుండండి, వేచి ఉండండి. అలసిన పిల్లవానితో, ఆకలిగొన్న పిల్లవానితో పాఠాలు సాగవు.

ఐదవది అన్నింటికంటె ముఖ్యమైనది. బొమ్మ చేతిలో పడిన మరుక్షణం సంతోషం చూపండి. “మంచివాడివి” అన్నంత మాత్రాన చాలదు. “అడగగానే ఇచ్చావు, నాకు సంతోషం కలిగింది” అని చేసిన పనిని పేర్కొనండి. రోజులో కొన్నిసార్లు బొమ్మను పుచ్చుకుని, చూసి, వెంటనే తిరిగి ఇవ్వండి. “నీ బండి చక్రాలు చూస్తాను, ఇలా ఇవ్వు. ఎంత బాగా తిరుగుతున్నవో! ఇదిగో, నీ బండి నీకు.” పది పర్యాయాలు ఇచ్చి పుచ్చుకున్న పిల్లవాడు పదకొండవసారి, నిజంగా విడవవలసి వచ్చినప్పుడు, తక్కువ బాధతో విడుస్తాడు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇది లంచం కాదా? ఏడుస్తున్న పిల్లవానికి “బొమ్మ ఇస్తే బిళ్ల ఇస్తాను” అని బేరమాడితే అది లంచమే. అందువల్ల వాడు ఏడుపుకు వెల ఉన్నదని నేర్చుకుంటాడు. బేరం లేకుండా, చేసిన పనికి తరువాత చూపే ఆదరణ లంచం కాదు, అది గుర్తింపు. మాంటిస్సోరి వంటి వారు బహుమతులను కూడా అంగీకరించలేదు. పని ఇచ్చే తృప్తే బహుమానమన్నది వారి మతం. మన గమ్యం కూడా అదే. మెప్పు ఆ గమ్యానికి చేరేవరకు పట్టుకునే చేయి. పిల్లవాడు నడక నేర్చిన కొద్దీ ఆ చేయి వదులు కావాలి.

అవిధేయత కానిది

మన దేశంలో ఈ విషయానికి సంబంధించిన ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఆదిలాబాద్ అడవులలోని గోండు శిశువు, శ్రీకాకుళం కొండలలోని సవర శిశువు, ఇటుక బట్టీల పనికి పశ్చిమ ఒడిశా నుండి తెలంగాణకు వచ్చే కుటుంబాల శిశువు మన కేంద్రాలకు వచ్చినప్పుడు, “బొమ్మ పెట్టిరా” అన్న తెలుగు మాట వారికి అర్థం కాకపోవచ్చు. అర్థం కానివాడు కదలడు. మనం వానిని అవిధేయుడు అంటాము. ఇది వాని దోషం కాదు. అటువంటి కేంద్రంలో కార్యకర్త మొదట చేయవలసిన పని పిల్లవాని తల్లిని అడిగి నాలుగు మాటలు నేర్చుకోవడం. “ఇవ్వు, తీసుకో, రా, బాగుంది” అనే నాలుగు మాటలూ వాని భాషలో వినిపిస్తే చాలు, పిడికిలి సడలడానికి దారి ఏర్పడుతుంది. జాతీయ సమైక్యతను గూర్చి పెద్దపెద్ద సభలలో మాట్లాడుకుంటాము. నాలుగేళ్ల పిల్లవానికి ఈ దేశం తనదని మొదట తెలియజేసేది, తన భాషలో ఒక ఉపాధ్యాయిని పలికిన ఆ చిన్న మాటే కావచ్చు.

ఎవరు ఇవ్వాలి?

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. “నువ్వు పెద్దదానివి కదమ్మా, తమ్ముడికి ఇచ్చెయ్యి” అనే మాట మన ఇండ్లలో ఎంత తరచుగా వినిపిస్తున్నదో మీకు తెలుసు. ఐదేళ్ల అక్క ఇస్తుంది, మూడేళ్ల తమ్ముడు పుచ్చుకుంటాడు. తమ్మునికి ఐదేళ్లు వచ్చిన తరువాత కూడా ఇచ్చేది అక్కయే. ఇది విధేయత నేర్పడం కాదు. ఆడపిల్ల పుట్టినది విడిచిపెట్టడానికే, మగపిల్లవాడు పుట్టినది పుచ్చుకోవడానికే అని ఇద్దరికీ పలకాబలపం పట్టకముందే నేర్పడం. మన కేంద్రాలలో వంతు అంటే వంతే కావాలి. గంట కొట్టగానే అబ్బాయి కూడా ఇవ్వాలి, అమ్మాయికి కూడా దొరకాలి.

ప్రతి వస్తువునూ ఇవ్వమనడం కూడా తగదు. పిల్లవాడు పక్కలో పెట్టుకుని పడుకునే పాత గుడ్డబొమ్మ వాని సొంతం. ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లవాడు ఏడ్చాడని దానిని తీసి ఇచ్చివేయడం ఔదార్యం కాదు. అది మన ఔదార్యం కూడా కాదు, ఎందుకంటే ఆ వస్తువు మనది కాదు. తనదంటూ ఒకటి భద్రంగా ఉన్నదని తెలిసిన పిల్లవాడే అందరిదీ అయిన దానిని నిశ్చింతగా విడువగలుగుతాడు.

ఆపద సమయంలో

ఈ అభ్యాసం ఒక్కొక్కసారి ప్రాణాలకు సంబంధించినది కూడా అవుతుంది. గోలీ, నాణెం, అగ్గిపెట్టె, మాత్రల పొట్లం పిల్లవాని చేతికి చిక్కుతూనే ఉంటాయి. నేటి ఆటవస్తువులలోనూ, రిమోట్లలోనూ ఉండే గుండ్రని చిన్న బ్యాటరీ మరీ ప్రమాదకరమైనది. అది మింగినప్పుడు గొంతులో చిక్కుకుంటే రెండు గంటలలోనే లోపలి కండరాన్ని తీవ్రంగా కాల్చగలదు. అటువంటప్పుడు క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. అయితే అంతకు ముందరి క్షణాన్ని ఆలోచించండి. వస్తువు ఇంకా వాని చేతిలోనే ఉన్నది. ఎప్పుడూ లాగుకునే చేతులనే చూసిన పిల్లవాడు మనం సమీపించగానే పరుగెత్తుతాడు, లేదా గుప్పిట్లోది నోట్లో వేసుకుంటాడు. “ఇలా ఇవ్వు నాన్నా” అన్న మాటకు రోజూ అరచేయి చాచడం అలవాటైన పిల్లవాడు ఆనాడు కూడా ఇస్తాడని ఆశించడానికి కారణం ఉంటుంది. శాంతికాలంలో కూడబెట్టిన నమ్మకాన్ని ఆపదవేళ ఖర్చు పెట్టుకుంటాము.

మన సంప్రదాయంలోని పాఠం

వస్తువును గౌరవంగా విడవడం మన సంస్కృతికి కొత్త కాదు. బొమ్మల కొలువు తీర్చిన ఇండ్లలో పండుగ ముగిసిన నాడు ఒక బొమ్మను పడుకోబెట్టి, తరువాత బొమ్మలన్నింటినీ గుడ్డలలో చుట్టి పెట్టెలలో భద్రపరుస్తారు. కొండపల్లి పొణికి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ, కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మ ఒకే పెట్టెలో ఏడాదిపాటు నిద్రిస్తాయి. చూస్తున్న పిల్లవాడు ఏడవడు. ఎందుకంటే బొమ్మ పోలేదు, పడుకున్నది; వచ్చే ఏడు లేస్తుంది. వినాయక చవితికి తాను ముచ్చటపడి చేసిన మట్టి బొమ్మను పిల్లవాడు తానే కేరింతలతో నీటికి అప్పగిస్తాడు. వంగదేశంలో దుర్గా ప్రతిమ విషయంలోనూ ఇంతే. పాట ఉన్నది, తోడు ఉన్నది, మళ్లీ వస్తుందన్న నమ్మకం ఉన్నది. అందువల్ల విడవడం పండుగ అయింది.

మన కేంద్రాలలో కూడా ఇది సాధ్యమే. ఆట ముగిసే వేళ ప్రతిరోజూ ఒకే పాట పాడండి. “బండిని పడుకోబెడదామా, ఏనుగును ఇంటికి పంపుదామా” అనండి. ప్రతి బొమ్మకూ అలమరలో ఒక బొమ్మ గీసిన చోటు చూపండి. ఖర్చు ఏమీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుండి 8 ఏళ్ల వయస్సును విద్యకు పునాది దశగా గుర్తించింది. 2023లో ఆ దశ కోసం బొమ్మలు, పొడుపుకథలు, తోలుబొమ్మల వంటి వాటితో కూడిన “జాదుయీ పిటారా” అనే సామగ్రి వెలువడింది. పెట్టె ఎంత మంచిదైనా, దానిని తెరిచే చేతులూ మూసే చేతులూ ముఖ్యం.

సోదరీమణులారా! విధేయత అనే మాటను నేను జాగ్రత్తగానే వాడుతున్నాను. చెప్పినదెల్లా చేసే పిల్లలు మనకు అక్కరలేదు. అటువంటి పిల్లలు పెరిగి చెప్పినదెల్లా చేసే పౌరులవుతారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలను దృష్టిలో ఉంచుకున్నది. బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ అది నిషేధించింది. ఆ చట్టపు ఆత్మ అంతకంటె చిన్నవారికి ఇంకా ఎక్కువగా వర్తించవలసి ఉన్నది. భయపడి ఇచ్చిన చేయి మనం చూడనప్పుడు మళ్లీ లాగుకుంటుంది. నమ్మి ఇచ్చిన చేయి, మనం చూడనప్పుడు కూడా పక్కవానికి అందిస్తుంది. రేపు నీటి వంతును, బస్సులో సీటును, ఊరి ఉమ్మడి స్థలాన్ని పంచుకోవలసినవారు ఈ పిల్లలే.

కనుక రేపు మీ కేంద్రంలో ఒక పసివాడు మీ అరచేతిలో బొమ్మ పెట్టినప్పుడు, అది కేవలం కొయ్యముక్క అనుకోవద్దు. వాడు తన దగ్గర ఉన్న ఏకైక సంపదను మీ మాట మీద నమ్మకంతో మీకు అప్పగించాడు. దానిని మర్యాదగా పుచ్చుకోండి. చెప్పిన వేళకు తిరిగి ఇవ్వండి.